ఆయనలో ఏం తక్కువైందని?

కోరిక గురించీ ద్రోహం గురించీ తీసిన ఏ చిన్న సినిమా చూసి బయటికొచ్చినా నా చెవిన పడే మొదటి ఫిర్యాదు ఒకటే: "కారణం సరిగ్గా చూపించలేదండీ." నటన బాగుంది, కెమెరా బాగుంది, చివర్లో కాస్త సాగదీశారు, కానీ ఆవిడ ఎందుకలా చేసిందో మాత్రం అర్థం కాలేదు అంటారు. ఈమధ్య ఒక ఇండిపెండెంట్ సినిమా ప్రదర్శనకు వెళ్తే అక్కడా ఇదే మాట. సినిమా కన్నా ఆ తర్వాత జరిగిన చర్చే నన్ను ఎక్కువ వెంటాడింది. ఇది ఆ సినిమా మీద రివ్యూ కాదు కాబట్టి పేరు రాయడం లేదు. రాస్తే మాటలన్నీ దాని మంచిచెడ్డల మీదికి పోతాయి. నాకు చూసినవాళ్ల గురించి మాట్లాడాలని ఉంది.

కథ పెద్దదేం కాదు. పెళ్లయి చాలా ఏళ్లయిన జంట. భర్త నెమ్మదస్తుడు. గొంతు పెంచడు, తాగడు, ఇంటిపనిలో తన వంతు తను చేస్తాడు. భార్య ఉద్యోగం చేస్తుంది, తెలివైంది, కాస్త ముక్కుసూటి మనిషి. భర్త పాత స్నేహితుడితో చనువు పెరిగి, అది రహస్యంగా దాచుకోవాల్సిన సంబంధం అవుతుంది. కొన్నాళ్లు నడుస్తుంది. భర్తకు తెలుస్తుంది. ఎవరూ చావరు, ఎవరూ ఎవరినీ కొట్టరు. కలిసుంటారో విడిపోతారో తేల్చకుండానే సినిమా అయిపోతుంది.

చర్చ మొదలవగానే ఒక పెద్దాయన లేచి డైరెక్టర్‌ని అడిగారు: "అమ్మా, బాగానే తీశావు. ఒక్కటి చెప్పు. ఆయనలో ఏం తక్కువైందని ఆవిడ అలా చేసింది?" హాల్లో చాలా తలలు ఊగాయి. డైరెక్టర్ కాసేపు ఆలోచించి, "ఏమీ తక్కువ కాలేదండీ" అంది. ఆ జవాబు ఎవరికీ రుచించలేదు. ముందు వరసలో ఒకావిడ, "అయితే మరి అది కథలో లోపమే కదమ్మా" అన్నారు. ఒకమ్మాయి లేచి, "ఆవిడ ఎవరికీ క్షమాపణ చెప్పుకోకుండా సినిమా అయిపోయిందని నాకు ఊపిరాడినట్టయింది" అంది. ఆ అమ్మాయి మాటకు కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు అసహనంగా కదిలారు. ఆ పైన ఒకతను, సినిమాల గురించి బాగా తెలిసినవాడిలాగే ఉన్నాడు, ఇలా సలహా ఇచ్చాడు: "భర్తని ఇంకొంచెం చెడ్డవాడిగా చూపించి ఉంటే జనానికి ఎక్కేది."

చాలామంది ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నది సరిగ్గా ఆ సలహాతోనే.

చెడ్డ భర్త అనే సదుపాయం

భర్త చెడ్డవాడైతే ఆ కథ ద్రోహం కథ కాదు. తప్పించుకోవడం కథ. కొట్టేవాడి దగ్గర్నుంచీ, అవమానించేవాడి దగ్గర్నుంచీ ఒక మనిషి బయటికి వెళ్తే దానికి మనం ద్రోహం అని పేరు పెట్టం. ద్రోహం జరగాలంటే ముందు నమ్మకం ఉండాలి. నమ్మదగిన మనిషి ఉండాలి. ఆ మనిషిని తీసేసి, ఆ స్థానంలో ఒక దుర్మార్గుణ్ణి పెట్టమని అడగడమంటే, మీరు తీసిన సినిమా కాకుండా ఇంకో సినిమా తీయండి అని అడగడమే.

అలా ఎందుకు అడుగుతాం? ఆవిడ మీద కోపంతో అని నేననుకోను. నిజానికి ఆవిడతో నడవాలనే ఉంటుంది మనకు. కాకపోతే అనుమతి కావాలి. ముందు ఆవిడ ఏడవాలి, దెబ్బలు తినాలి, నిర్లక్ష్యానికి గురవ్వాలి, అప్పుడు ఆవిడ కోరుకున్నదాన్ని మనం మన్నిస్తాం. బాధ పడ్డవాళ్లకే కోరుకునే హక్కు. సుఖంగా ఉన్న మనిషి ఇంకేదైనా కోరుకుంటే దాన్ని ఎక్కడ పెట్టాలో మనకు తెలియదు. అందుకే సినిమా తీసేవాళ్లు చాలాసార్లు ముందుజాగ్రత్తగా ఒక లంచం ఇస్తారు: మొదటి పావుగంటలోనే భర్త చేత ఒక కరకు మాట అనిపిస్తారు, పుట్టినరోజు మరిచిపోయేలా చేస్తారు, ఫోనులో తల దూర్చి కూర్చోబెడతారు. మన మనసు కుదుటపడుతుంది. కారణం దొరికింది.

భర్త ద్రోహం చేసిన కథల్లో ఈ ప్రశ్న ఇంత గట్టిగా వినబడదు. ఆయన ఎందుకు చేశాడని ఎవరూ నిలదీయరు. అక్కడ ప్రశ్న మళ్లీ ఆవిడ మీదికే వస్తుంది: ఎలా క్షమించింది, ఎందుకు క్షమించింది, లేదా ఎందుకు క్షమించలేకపోయింది. రెండు రకాల కథల్లోనూ సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆవిడే.

ఇది ఇవాళ్టి ప్రేక్షకుల అలవాటు కాదు. పెళ్లయిన ఎమ్మా పరాయి మగవాళ్లతో సంబంధాలు పెట్టుకునే కథ 'మదాం బొవరీ'. ఆ నవల నీతికి విరుద్ధమని 1857లో ఫ్రాన్సులో రచయిత ఫ్లాబేర్ మీద కేసు నడిచినప్పుడు ప్రాసిక్యూటర్ ఎర్నెస్ట్ పినార్ చేసిన వాదనల్లో ఒకటి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ఈ పుస్తకంలో ఈ స్త్రీని ఖండించగల మనిషి ఒక్కరైనా ఉన్నారా అని అడిగాడాయన. భర్త ఖండించడు, చుట్టుపక్కలవాళ్లు ఖండించడానికి తగినవాళ్లు కారు, రచయిత ఖండించడు. పినార్‌కు అభ్యంతరమైంది కథలోని తప్పు కాదు. ఆ తప్పుకు కథలో తీర్పు లేకపోవడం. కోర్టు ఫ్లాబేర్‌ని వదిలేసింది. కానీ ఆ ప్రశ్న మాత్రం ప్రేక్షకుల్లో కూర్చునే ఉంది. ఆ నవలలో భర్త షార్ల్ మంచివాడు, భార్యను ప్రేమించేవాడు. ఇన్నేళ్లుగా చదువుతున్నవాళ్లు ఆయనలో ఏం తక్కువైందో వెతికి, చప్పటి మనిషి అని ఒక కారణం పట్టుకున్నారు. ఆ చప్పదనంతోనే లోకంలో ఎన్ని పెళ్లిళ్లు హాయిగా నడుస్తున్నాయో వాళ్లకు గుర్తురాదు.

హాలీవుడ్‌లో ఇదే పని రాతపూర్వకంగా జరిగింది. 1930లో తయారై 1934 నుంచి గట్టిగా అమలైన ప్రొడక్షన్ కోడ్‌లో (సినిమాల్లో ఏం చూపొచ్చో ఏం చూపకూడదో చెప్పే నియమావళి) వివాహేతర సంబంధం గురించి విడిగా ఒక నిబంధన ఉంది. కథకు అది కొన్నిసార్లు అవసరమే కావచ్చు, కానీ దాన్ని సమర్థించకూడదు, ఆకర్షణీయంగా చూపకూడదు. 1968లో ఆ కోడ్ పోయి వయసును బట్టి రేటింగులిచ్చే పద్ధతి వచ్చింది. ఆలోచిస్తే ఇక్కడొక వింత కనిపిస్తుంది. కోడ్ సమర్థించవద్దంది. ఇవాళ్టి ప్రేక్షకులు సమర్థించి తీరాలంటున్నారు. పైకి రెండూ ఎదురెదురు మాటలు. అయినా రెండింటికీ భయం ఒకటే: తప్పనీ ఒప్పనీ ఏ చీటీ అంటించకుండా, కోరికను ఉన్నదున్నట్టు చూస్తూ కూర్చోవాల్సి వస్తుందేమోనని.

ప్రేక్షకులు రాయించిన ముగింపులు

ప్రేక్షకుల అభిప్రాయానికి బలం లేదనుకోకూడదు. దానికి ముగింపులు మార్చేంత బలం ఉంది.

ఇబ్సెన్ నాటకం 'ఎ డాల్స్ హౌస్' 1879లో వచ్చింది. జర్మనీలో ప్రదర్శించబోయేటప్పుడు నోరా పాత్ర వేయాల్సిన ప్రసిద్ధ నటి హెడ్విగ్ నీమన్-రాబ, భర్తనూ పిల్లల్నీ వదిలి నోరా వెళ్లిపోయే ఆ ముగింపు ఆడనంది. నేనైతే నా పిల్లల్ని వదిలి ఎప్పటికీ వెళ్లను అంది. కాపీరైటు రక్షణ లేని రోజులు. తను రాయకపోతే ఇంకెవరో రాసేస్తారని ఇబ్సెన్ తనే ఇంకో ముగింపు రాసిచ్చాడు. అందులో నోరా పిల్లల గది గుమ్మం దగ్గర కూలబడిపోతుంది, ఇల్లు వదలదు. అలా మార్చడం నాటకం మీద జరిగిన అనాగరికమైన దౌర్జన్యమని ఆయనే బహిరంగంగా అన్నాడు. తన నాటకాన్ని ఇంకొకరు చెడగొట్టకుండా తన చేత్తోనే చెడగొట్టుకోవలసి వచ్చిన రచయిత అవస్థ అది. నోరా చేసింది ద్రోహం కూడా కాదు. వెళ్లిపోవడం, అంతే. ఆ మాత్రానికే ఇంత.

1987 నాటి 'ఫాటల్ అట్రాక్షన్'ది ఇంకో దారి. తప్పు చేసినవాడు భర్త. మొదట తీసిన ముగింపులో ప్రియురాలు ఆత్మహత్య చేసుకుని, అది హత్య అనిపించేలా అతణ్ణి ఇరికిస్తుంది. విడుదలకు ముందు ప్రేక్షకులకు చూపించి అభిప్రాయాలు తీసుకున్నారు. ఆ ముగింపు వాళ్లకు నచ్చలేదు. స్టూడియో ఖర్చు పెట్టి మళ్లీ తీయించింది. కొత్త ముగింపులో భార్యే తుపాకీతో ప్రియురాలిని కాల్చి చంపుతుంది. ఆ పాత్ర వేసిన గ్లెన్ క్లోజ్ ఈ మార్పును గట్టిగా వ్యతిరేకించింది. ఫలితం లేకపోయింది. సినిమా విపరీతంగా ఆడింది, ఆరు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. తప్పు చేసిన భర్త మాత్రం ఇంట్లో, కుటుంబంతో, క్షేమంగా ఉన్నాడు. ప్రేక్షకుల న్యాయం అక్కడ ఎవరి మీద పడిందో చూడండి.

ఇండిపెండెంట్ సినిమాకు ఈ బాధ ఉండదని అనుకుంటాం. స్టూడియో లేదు, ముందస్తు ప్రదర్శనల్లో ఇచ్చిన మార్కులు చూసి ముగింపు మార్చమనేవాళ్లు లేరు. ఆ స్వేచ్ఛతోనే జాన్ కసావెటీస్ 'ఫేసెస్' తీయగలిగాడు. ఎక్కువ భాగం సొంత ఇంట్లోనే 1965లో తీసి, ఏళ్ల తరబడి ఎడిట్ చేసుకుని 1968లో విడుదల చేశాడు. అందులో భార్యాభర్తలిద్దరూ ఒకే రాత్రి వేరే మనుషుల దగ్గర ఉంటారు. ఎవరికీ పెద్ద కారణాలుండవు. చివర్లో ఇద్దరూ మెట్ల మీద కూర్చుని సిగరెట్లు కాలుస్తూ దగ్గుతారు. అంతే. ఏ పరీక్ష ప్రదర్శనలోనూ పాస్ అవ్వని ముగింపు అది. దానికీ నామినేషన్లు వచ్చాయి, అందులో స్క్రీన్‌ప్లేకు ఒకటి. కాబట్టి కారణం లేకపోతే రచన లేనట్టే అన్న మాట నిలవదు.

కానీ స్టూడియో చేయని పనిని ఇప్పుడు ఆన్‌లైన్‌లో ప్రేక్షకులిచ్చే రేటింగు చేస్తోంది. పెద్ద సినిమాకు మొదటిరోజే వేలమంది అభిప్రాయాలొస్తాయి, వాటిలో పొల్లు పొల్లుగా పోతుంది. చిన్న సినిమాను చూసేదే కొద్దిమంది. ఆ కొద్దిమందిలో సగం పదికి పది ఇచ్చి, సగం పదికి ఒకటి ఇస్తే, సగటు ఐదున్నర దగ్గర తేలుతుంది. ఐదున్నర చూసినవాడు ఏమనుకుంటాడు? ఓ మోస్తరు సినిమా అనుకుంటాడు. ఒక్క ప్రేక్షకుడు కూడా ఓ మోస్తరు అనని సినిమా అది. విమర్శకుల శాతాలదీ ఇదే తంతు. రాటెన్ టొమాటోస్ వెబ్‌సైటులో కనిపించే అంకె సగటు మార్కు కాదు, ఎంతమంది విమర్శకులు అనుకూలంగా రాశారన్న లెక్క మాత్రమే. అందరికీ కొంచెం కొంచెం నచ్చిన సినిమాకు నూరు శాతం రావచ్చు. కొందరిని కుదిపేసి కొందరిని మండించిన సినిమా యాభై దగ్గర ఆగిపోవచ్చు. కోరిక గురించి నిజాయితీగా తీసిన సినిమా రెండో రకంలోనే ఉంటుంది, ఉండాలి. అభిప్రాయాలు చీలిపోవడమే ఆ సినిమా గురించిన అసలు సమాచారం. సగటు తీయగానే పోయేది అదే.

ప్రేక్షకులంతా ఇలాంటి సినిమాలను తిప్పికొడతారనీ కాదు. 'సెక్స్, లైస్, అండ్ వీడియోటేప్' 1989లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల అవార్డే తెచ్చుకుంది, తర్వాత కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ గెలిచింది. కోరికా ద్రోహమే దాని కథ. కానీ ఒకటి గమనించాలి. అందులో ముందు మోసం చేసింది భర్త, అదీ భార్య చెల్లెలితో. భార్య ఇంకొకరివైపు నడిచేసరికి మన అనుమతి సిద్ధంగా ఉంది. అది మంచి సినిమా, సందేహం లేదు. కానీ ఇందాకటి పెద్దాయన అడిగే ప్రశ్నకు అందులో జవాబుంది.

డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు

మళ్లీ నేను చూసిన సినిమా దగ్గరికి వస్తాను. అందులో ఒక సన్నివేశం ఉంది. ఇద్దరి పేరా దాచుకున్న డబ్బులో పెద్ద మొత్తాన్ని భర్త ఆమెకు చెప్పకుండా తమ్ముడికి ఇచ్చేశాడని ఆలస్యంగా బయటపడుతుంది. ఏళ్ల క్రితమే ఇచ్చాడు. అన్నేళ్లూ దాచాడు. ఆమె అడిగితే తల దించుకుని, "చెబితే నువ్వు ఒప్పుకోవని" అంటాడు. సినిమా ఆ సన్నివేశానికి తగినంత సమయమే ఇచ్చింది.

చర్చ అంతసేపు నడిచినా ఆ డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. ఎంతో ఏళ్లు సాగిన అబద్ధం అది, ఆమె అబద్ధం కన్నా పాతది. దాన్ని ద్రోహం అని ఎవరూ అనలేదు. ఉండబట్టలేక నేనే లేచి అడిగాను. అప్పుడు జరిగిందే నాకు బాగా గుర్తుండిపోయింది. హాల్లో ఒక రకమైన ఉపశమనం. "ఆఁ, అదీ! అందుకే వెళ్లింది!" అన్నారు నా వెనకావిడ. పెద్దాయన కూడా తల పంకించారు. నేను ఇంకో ద్రోహాన్ని చూపిద్దామనుకుంటే వాళ్లకు కారణం దొరికింది. కానీ సినిమాలో ఆమెకు డబ్బు సంగతి తెలిసేసరికి ఆ సంబంధం మొదలవడమే కాదు, ముగిసిపోయింది కూడా. వరస స్పష్టంగా ఉంది. అయినా మనసు వరసను తిరగేసుకుంది. కారణం కోసం అంత ఆకలితో ఉన్నాం.

సత్యజిత్ రాయ్ 'చారులత'లో (1964) ఇలాంటిదే ఒక అమరిక ఉంది. అందులో భూపతి తన పత్రిక లెక్కలు భార్య చారు అన్న ఉమాపదకు అప్పగిస్తాడు. అతను డబ్బు కాజేసి వెళ్లిపోతాడు. నమ్మకద్రోహం అనే మాటను భూపతి మొదట అనుభవించేది ఆ డబ్బు విషయంలోనే. ఆ బాధను నోరు విప్పి చెప్పుకుంటాడు కూడా, అదీ చారు మనసును ఆక్రమించిన తన బంధువు అమల్‌తోనే. డబ్బు పోతే ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. రెండో దెబ్బ తగిలినప్పుడు చెప్పుకోవడానికి మనిషి ఉండడు. ఒక్కడే గుర్రపుబండిలో తిరుగుతూ ఏడుస్తాడు. భూపతిలో కూడా తక్కువైందేం లేదు. పనిలో మునిగిన మంచి మనిషి.

నచ్చలేదన్న ఒక మనిషి

ఇంతవరకూ రాసింది చదివి, ప్రేక్షకులకు చూడటం రాదని నేను తేల్చేస్తున్నానని అనుకోవద్దు. ఆ సాయంత్రం అన్నిటికన్నా గొప్ప విమర్శ చేసింది ఒక ప్రేక్షకుడే. చర్చ దాదాపు అయిపోయాక ఒకాయన మైకు తీసుకోకుండా కూర్చునే మాట్లాడాడు: "నాకీ సినిమా నచ్చలేదు. బాగా తీశారు కాబట్టే నచ్చలేదు. భర్తకు తెలిసింది. ఆయన ముఖం చూపించారు. వెంటనే కెమెరా మళ్లీ ఆవిడ దగ్గరికి వెళ్లిపోయింది. మర్నాడు ఆయన ఆఫీసుకెళ్లాడా? ఎవరితోనైనా మాట్లాడాడా? ఆ స్నేహితుడు ఫోన్ చేస్తే ఎత్తాడా? నాకవి కావాలి." ఆయన స్వరాన్ని బట్టి ఇది విని తెలుసుకున్న విషయం కాదని హాల్లో అందరికీ అర్థమైంది.

మన రసశాస్త్రం ప్రకారమైతే ఆయన మంచి ప్రేక్షకుడు కాడు. రసాస్వాదనకు అడ్డొచ్చే విఘ్నాలను అభినవగుప్తుడు వరసగా చెప్పాడు. మొదటిది సంభావనావిరహం, అంటే ఇలా జరుగుతుందా అన్న నమ్మకమే కుదరకపోవడం. తర్వాత చెప్పినవాటిలో నిజసుఖాదివివశీభావం ఒకటి, అంటే ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాల్లో చిక్కుకుని ఎదుట ఉన్నదాన్ని చూడలేకపోవడం. ఈ కొలతతో చూస్తే పెద్దాయనది మొదటి విఘ్నం, ఈయనది రెండోది.

మొదటిదాంతో నాకు పేచీ లేదు. రెండోదాంతో ఉంది. సొంత గాయం ఈయన కళ్లు మూయలేదు. మిగతా హాలంతా ఆవిడ మంచిదా చెడ్డదా అని వాదించుకుంటుంటే, కెమెరా ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు నిలబడాలో చూసింది ఈయనొక్కడే. ఆయన ఆవిడను శిక్షించమనలేదు. కారణం అడగలేదు. మర్నాడు ఏం జరిగిందో చూపించమన్నాడు. ఇండిపెండెంట్ సినిమాలు కోరికను గౌరవించే ఆత్రంలో మోసపోయినవాళ్లను తరచూ ఒక ముఖానికి, ఒక మౌనానికి కుదించేస్తాయి. నా అసలు ఫిర్యాదు ఇదే, దీన్ని ప్రేక్షకుల మీద కాదు, తీసేవాళ్ల మీద పెడుతున్నాను. వెళ్లేవాళ్ల లోపల ఏం జరిగిందో చెప్పకపోయినా ఫర్వాలేదు. మిగిలినవాళ్లకు ఏం జరిగిందో చూడకుండా తప్పుకుంటే మాత్రం, అక్కడ చిన్నచూపు ఉన్నట్టే.

వాంగ్ కార్-వై 'ఇన్ ద మూడ్ ఫర్ లవ్' (2000) సరిగ్గా తలకిందులుగా ఆలోచించిన సినిమా. అందులో తప్పు చేసిన ఇద్దరి ముఖాలూ మనకు కనబడవు. కథంతా వాళ్ల చేతిలో మోసపోయిన భార్య ఒకామె, భర్త ఒకతను, ఆ ఇద్దరిదే. భర్తను నిలదీయడం ఎలాగో ఆమె అతనితో ముందుగా ఆడి చూసుకుంటుంది. ఉత్త సాధన అని తెలిసీ ఏడుపు ఆపుకోలేదు. ఆ జంట ఎందుకలా చేశారన్నది వీళ్లకూ తెలియదు, మనకూ తెలియదు. కారణం లేకుండా ఎంత నిండుగా కథ చెప్పొచ్చో అనడానికి నాకు దీన్ని మించిన ఉదాహరణ దొరకలేదు.

ఎందుకు కాదు, ఎలా

ఇప్పుడు నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే అభ్యంతరానికి వస్తాను. కారణం చెప్పకపోవడం కొన్నిసార్లు ఉత్త బద్ధకం. రాయడం చేతకానివాళ్లు కూడా ఇదే మాట చెబుతారు: జీవితంలో కారణాలుండవండీ అని. కిటికీ పక్కన నిలబెట్టి, వాన కురిపించి, అరనిమిషం మౌనం పెట్టి, లోతు వచ్చేసిందనుకుంటారు. అలాంటివి చూసి విసిగిన ప్రేక్షకుడు "అర్థం కాలేదు" అంటే, ఆ మాటను చూడటం రానివాడి మాటగా కొట్టిపారేయడం అన్యాయం. డబ్బూ సమయమూ పెట్టి వచ్చిన మనిషి అతను. మరి నిగ్రహాన్నీ బద్ధకాన్నీ వేరు చేయడం ఎలా?

నేను చూసేది అబద్ధాలను. ద్రోహం ఒక్క క్షణంలో జరిగే పని కాదు. రోజువారీ చాకిరీ ఉంటుంది దానికి. ఎక్కడికెళ్లానని చెప్పాలి, ఎవరి పేరు చెప్పాలి, ఆ పేరున్న మనిషి ఎప్పుడైనా ఎదురుపడితే ఏం చేయాలి, నవ్వు ఏ మోతాదులో ఉండాలి. తీసినవాళ్లకు మనుషులు తెలిస్తే ఇది తెరమీద కనిపిస్తుంది. నేను చూసిన సినిమాలో ఆమె మెట్లెక్కుతూ ఆగి, ఇంట్లో చెప్పబోయే మాటను ఒకసారి పెదవుల మీదే అనుకుంటుంది. ఇంకోచోట, తను వాడిన ఒక సహోద్యోగి పేరు మరిచిపోకుండా చిన్న కాయితం మీద రాసుకుంటుంది. కొన్నాళ్లకు భర్త మామూలుగా, "ఆవిడ తల్లికి ఆపరేషన్ అన్నావు, ఎలా ఉంది?" అని అడుగుతాడు. ఆమె ఒక్క క్షణం ఏ తల్లి అన్నట్టు చూస్తుంది. అతను గమనించడు. ఆమె చాలాసేపు అక్కడే నిలబడిపోతుంది. తన అబద్ధాన్ని ఇంత శ్రద్ధగా గుర్తుపెట్టుకున్న మనిషి ముందు నిలబడటం అది.

ఆ సన్నివేశం చూశాక ఆమె ఎందుకు చేసిందన్నది నాకు అక్కర్లేకపోయింది. ఎలా చేసిందో తెలిసింది, చేస్తూ ఏమైందో తెలిసింది. అభినవగుప్తుడు అడిగిన సంభావన అక్కడ కుదిరింది. నమ్మకం కారణం వల్ల కాదు, వివరం వల్ల కుదురుతుంది. ఏ వివరమూ లేని సినిమా ఎన్ని కారణాలు చెప్పినా నమ్మబుద్ధి కాదు. చెడ్డ భర్తను పెట్టిన సినిమాలు చాలావరకూ ఈ వివరాల్లోకి దిగవు. దిగాల్సిన అవసరమే వాటికి ఉండదు, ప్రేక్షకుడు ఎప్పుడో ఒప్పేసుకున్నాడు కదా.

అందుకే ఇలాంటి ప్రదర్శనలు ఏర్పాటు చేసేవాళ్లకు నాదొక విన్నపం. డైరెక్టర్ రాకముందు ప్రేక్షకుల్ని కాసేపు తమలో తాము మాట్లాడుకోనివ్వండి. డైరెక్టర్ కనబడగానే అందరి ప్రశ్నలూ సంజాయిషీ అడిగేవిగా మారిపోతాయి. ఎందుకు తీశారు, ఏం చెప్పదలుచుకున్నారు, ఆవిడది తప్పంటారా కాదంటారా. ఆ ఒక్కాయన చివరిదాకా నోరు విప్పకపోవడానికి ఆ వాతావరణమూ ఒక కారణమే. ముందే మాట్లాడి ఉంటే చర్చ ఇంకోలా నడిచేది.

ఒక స్నేహితురాలి ప్రశ్న

ఇదంతా నా స్నేహితురాలికి చదివి వినిపించాను. ఓపిగ్గా విని ఇలా అంది: "నువ్వు మెచ్చుకున్నవన్నీ ఒకసారి చూడు. బొవరీ నవలలో ఎమ్మా విషం మింగి చస్తుంది. చారు ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. వాంగ్ కార్-వై సినిమాలో వాళ్లిద్దరూ మనం వాళ్లలా కాకూడదనుకుని దూరమైపోతారు. కోరుకున్నది అందుకుని బాగున్న ఆడది ఒక్కతైనా ఉందా ఇందులో? నువ్వు కారణం అడగవు, నిజమే. కానీ మూల్యం అడుగుతున్నావు. ఆ పెద్దాయనకూ నీకూ తేడా ఏమిటే?"

దీనికి నా దగ్గరున్న జవాబు సగమే. శిక్ష వేరు, పర్యవసానం వేరు. శిక్ష ఆమెకు పడుతుంది, దాన్ని రచయిత తెచ్చి వేస్తాడు. పర్యవసానం ఆమె చుట్టూ ఉన్నవాళ్లలో జరుగుతుంది, దాన్ని ఎవరూ తెచ్చిపెట్టనక్కర్లేదు. నేను అడుగుతున్నది రెండోదాన్ని చూపించమని. ఆమె కొత్త ఇంట్లో నిజంగా సుఖంగా ఉండొచ్చు. అదే సినిమాలో, అంతే శ్రద్ధతో, పాత ఇంట్లో అతని మామూలు మంగళవారం కూడా ఉండొచ్చు. ఒకటి ఉంటే ఇంకొకటి అబద్ధమవ్వాల్సిన పని లేదు.

మిగతా సగం ఆమె చెప్పినట్టే ఉంది. నేను గొప్పవని ఎంచుకున్న కథలన్నిట్లో ఆడవాళ్లు ఓడిపోయే ఉన్నారు. ఓటమిలో అందం వెతుక్కోవడం నాకూ అలవాటైందని ఆమె అంటుంది, కాదనడానికి నాకు ఉదాహరణలు లేవు. మంచి భర్తను వదిలి, ఏ కారణమూ చెప్పకుండా, కోరుకున్న మనిషితో బాగా బతికిన స్త్రీ గురించీ, ఆమె వదిలి వచ్చిన ఆ మంచి మనిషి గురించీ ఒకే సినిమాలో సమానమైన గౌరవంతో తీసినవాళ్లు ఎవరైనా ఉంటే పేరు చెప్పండి. చూసి, దాని గురించి కూడా ఇక్కడే రాస్తాను.